ఆపవద్దు అని అంటించిన కాగితం

మా ఇంటి కంప్యూటర్ చచ్చిపోయిన రోజున దాని నుదుట మూడు విభూతి పట్టెలున్నాయి, వాటి మధ్య కుంకుమ బొట్టుంది, నెత్తిన బంతిపూల దండ ఉంది. అంత మర్యాదగా పోయిన యంత్రం చిత్తూరులో ఇంకొకటి ఉండి ఉండదు. ఆ మర్యాదలో పదో వంతు నా మాటకు జరిగి ఉంటే ఇవాళ ఇదంతా చెప్పుకోవాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు.

అది 2002. నా పేరు చంద్రకాంత, అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ, ఏడేళ్ళుగా తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అనడం కంటే మోస్తున్నాను అంటే సరిపోతుంది. నేను తీసుకున్న విషయం మా జిల్లా మామిడితోటల మాటలు. బంగారుపాళ్యం చుట్టుపక్కల ఒకే తెగులుకు, ఒకే పనికి, ఒకే రకం కాయకు తోటకో పేరుంటుంది. హైవేకి ఇవతలివాళ్ళు ఒక మాట అంటే అవతలివాళ్ళు దాన్నే తమిళం కలిపి ఇంకోలా అంటారు. ఏ మాట ఎవరి నోట విన్నానో, ఆ మనిషిది ఏ ఊరో, ఎంత వయసో అన్నీ చీటీల మీద రాసుకుంటూ వచ్చాను. మొత్తం రెండు వేల నూట నలభై మాటలు. నా ఆదివారాలన్నీ వాటికే పోయాయి.

అందులో నాలుగో వంతు ఒక్క సిద్ధమ్మ చెప్పినవి. ఎనభై దాటిన మనిషి. తోట కాపలా గుడిసె ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని చెబుతూ పోయేది. పూత విరగబూసి ఒక్క పిందె కూడా నిలవకపోతే దాన్ని దొంగపూత అనేది. పైన పసుపు తిరిగి టెంక దగ్గర పుల్లగా ఉన్న కాయను చూపించి, "ఇది మాగలేదమ్మే, మాగినట్టు నటిస్తా ఉండాది" అనేది. నేను రాసుకుంటుంటే నవ్వేది.

"నా మాటలన్నీ ఎత్తకపోయి యాడ పెడతావమ్మే?"

"పుస్తకంలో పెడతానవ్వా. నీ పేరు పక్కన రాస్తా."

"నా పేరు రేషన్ కార్డులోనే తప్పుగా రాసినారు. నువ్వన్నా సరిగ్గా రాయి."

రాస్తానన్నాను. 2001 ఎండాకాలంలో, కాయ కోతకు రాకముందే ఆమె పోయింది. ఆమెతో పాటు ఆ మాటలు పోలేదని, నా దగ్గర భద్రంగా ఉన్నాయని ఆ రోజు నేను గర్వంగా అనుకున్నాను.

భద్రం అంటే కంప్యూటర్. మా ఆయన గిరిప్రసాద్ మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. పాప జాహ్నవి చదువుకు పనికొస్తుందని ఆఫీసు లోను పెట్టి కొన్నాడు. పాప దాంట్లో చీట్లపేక ఆడుకునేది, మిగతా సమయమంతా నాది. రెండేళ్ళు కూర్చుని చీటీలన్నీ టైపు చేశాను. ఒక అట్టపెట్టె చీటీలు ఎక్కించడం అయిపోగానే, వాటిని పట్టుకెళ్ళి స్నానాల నీళ్ళ పొయ్యిలో వేసేదాన్ని. ఎవరూ వేయమనలేదు. "కంప్యూటర్లో ఉంటే చెదలు పట్టవు, తడవవు, చిరగవు" అని కాలేజీలో అందరికీ ఉపన్యాసం ఇచ్చింది కూడా నేనే. ఆ చీటీల మంట మీద కాగిన నీళ్ళు పోసుకుని హాయిగా కాలేజీకి వెళ్ళాను. కాబట్టి తప్పంతా ఎవరి మీదో తోసేసే వీలు నాకు లేదు.

ఫ్లాపీలు పెట్టే డ్రైవు ఏడాది కిందటే పాడైంది. బాగు చేయించాలి, చేయించాలి అనుకుంటూనే ఉన్నాను. కాగితం మీద ఉన్నదల్లా మా ప్రొఫెసరు పరంధామయ్య గారి దగ్గరున్న మొదటి రెండు అధ్యాయాలు. మిగతాదంతా, మాటల పట్టికతో సహా, ఆ కంప్యూటర్ పెట్టెలోనే ఉంది. థీసిస్ ఇవ్వడానికి ఆఖరు తేదీ నవంబరు పదిహేను. అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. మూడోసారి పొడిగించరు, ఆ తేదీ దాటితే ఏడేళ్ళ రిజిస్ట్రేషను రద్దు.

సెప్టెంబరులో కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఫైలు తెరిస్తే బిగుసుకుపోయేది. నీలం తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. ఆపి మళ్ళీ వేస్తే, డిస్కును పరీక్షించుకుంటాను అంటూ గడుల బొమ్మ చూపించి ఒక్కో గడినీ నింపుకుంటూ పోయేది. మధ్యలో కొన్ని గడుల్లో బి అనే అక్షరం పడేది. మొదట నాలుగు పడ్డాయి. వారానికి ముప్ఫై అయ్యాయి. పాడైనచోట గుర్తు పెట్టి బాగు చేస్తోంది కాబోలు అనుకుని నేను ఆ పరీక్షను రోజూ పెట్టాను. జబ్బు మనిషిని రోజూ కొండ ఎక్కించినట్టు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

"దుమ్ము చేరింటాదిలే" అన్నాడు మా ఆయన. తడిగుడ్డ తెచ్చి తెర తుడిచాడు. తెర మాత్రం తళతళలాడింది.

ఆయుధపూజ రెండు రోజులుందనగా, పొద్దున స్విచ్చి వేస్తే నల్ల తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చి నిలబడింది. డిస్కు కనబడడం లేదట. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వాక్యం. పెట్టెలోంచి ఎవరో గోటితో కొట్టినట్టు టక్, టక్ అని చప్పుడు. వెంటనే జానీ బాషాకు ఫోను చేశాను.

జానీ బాషాకు బస్టాండు వెనక సందులో కంప్యూటర్ల రిపేరు షాపు. వాళ్ళ నాయన బడే సాహెబ్ అదే షాపులో రేడియోలు బాగుచేసేవాడు. జానీ వచ్చి పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. లోపలి పట్టీ వైరు మార్చాడు. ఇంకోచోట గుచ్చి చూశాడు. సెట్టింగుల తెరలో డిస్కు పేరు రావాల్సిన చోట ఏమీ రాలేదు. చివరికి కరెంటు ఇస్తూనే స్క్రూడ్రైవర్ పిడితో డిస్కు పక్కన మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. పావుగంట తర్వాత తెర మీద నా ఫైళ్ళ పేర్లు కనబడ్డాయి. నేను ఏడ్చేశాను.

"అప్పుడే ఏడవొద్దక్కా. ఇప్పుడు లేసింది గానీ, ఆపితే మళ్ళా లేస్తాదని నేను చెప్పలేను. లోపల తిరగతా ఉన్నంతసేపే అది మనది. ఏం జరిగినా ఆపొద్దు" అన్నాడు జానీ.

"ఇప్పుడే ఎందులోకైనా ఎత్తుకోలేమా?"

"ఫ్లాపీ డ్రైవు మార్చాలన్నా, ఇంకో డిస్కు తగిలించాలన్నా ఆపాల. ఆపితే అయిపోయినట్టే."

"ప్రింటు తీస్తే?"

"ప్రింటుకు పంపితే ముందు డిస్కు మీదనే రాసుకుంటాదక్కా. రాసే పని పెట్టినామంటే ఆడనే కూలబడతాది. నువ్వు ఫైళ్ళు తెరవొద్దు, మౌసు ముట్టొద్దు. ఒక దారి ఉండాది. వెనకాల ప్రింటరు తగిలించే చోట ఒక వైరు పెట్టి, నా షాపు కంప్యూటర్ని ఈడికి తెచ్చి రెండూ కలుపుతా. దీన్ని ఆపకుండానే మొత్తం దాంట్లోకి లాగేస్తా. ఆ వైరు మనూళ్ళో లేదు, తిరపతిలో గూడా లేదు. రేపు మద్రాసుకు పోయి ఎల్లుండి సాయంత్రానికి వస్తా."

కరెంటు పోతే ఏం చేయాలన్న భయం నాది. అది కూడా చూసుకున్నాడు. షాపులోంచి ఇన్వర్టరు, లారీ బ్యాటరీ ఆటోలో తెచ్చి, మా చిన్న యూపీఎస్‌కు వెనక నుంచి తగిలించాడు. వైరు గోడలోంచి పీకి ఇందులో గుచ్చిన ఆ క్షణం నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిస్తే అది తిరుగుతూనే ఉంది.

జానీ వెళ్ళాక తెల్ల కాగితం తీసుకుని, పాప ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు రాశాను. "ఆపవద్దు". కింద రెండు గీతలు కూడా గీశాను. దాన్ని తెర పైన, అందరి కళ్ళూ పడేచోట అంటించాను. అన్నం పెట్టేటప్పుడు మా ఆయనకు అంతా వివరంగా చెప్పాను. ఏడేళ్ళ పని అని, ఒక్కసారి ఆగితే మళ్ళీ రాదని చెప్పాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు.

"ఊఁ. నేనెందుకు ఆపతానే? దాంతో నాకేం పని?"

పేపరు తీసి పక్కన పడేసి మళ్ళీ చెప్పాల్సింది. చెప్పలేదు. పదమూడేళ్ళ కాపురంలో ఆ 'ఊఁ' నాకు అలవాటైపోయింది.

ఆ రెండు రోజులూ ఆ గుర్రు చప్పుడు వింటూ గడిపాను. పప్పు తాలింపు వేస్తూ మధ్యలో వెళ్ళి వినేదాన్ని. బట్టలు ఆరేస్తూ కిటికీ దగ్గరికి వెళ్ళి వినేదాన్ని. రెండుసార్లు కరెంటు పోయింది, అది మాత్రం ఆగలేదు. జానీ మద్రాసు నుంచి ఫోను చేసి, వైరు దొరికింది, రేపు సాయంత్రం ఐదుకల్లా మీ ఇంట్లో ఉంటాను అన్నాడు.

తెల్లారితే ఆయుధపూజ. మా ఆయనకు అన్ని పండగల్లోకీ అదే ఇష్టం. వాళ్ళ నాయన కొడవలికి, గునపానికి, నాగలికి చేసిన పూజ ఈయన స్కూటరుకు, కత్తిపీటకు, మిక్సీకి చేస్తాడు. బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి వీధిలో పిల్లలందరికీ పంచుతాడు. ఆ ఒక్క రోజు ఇంట్లో పని అంటే ముందుంటాడు. ఆ పొద్దున స్కూటరు కడుగుతూ కేకేశాడు.

"ఏమే, బూడిదగుమ్మడికాయ మరిచిపోయినా. పాపను పిలుచుకోని పోయి తెస్తావా? పూలు గూడా చాలవు."

వెళ్ళేముందు గదిలోకి వెళ్ళి చూశాను. తిరుగుతోంది. బజారులో గుమ్మడికాయల బండ్ల దగ్గర తొక్కిసలాట. అంతా కలిపి ముప్పావుగంట పట్టి ఉంటుంది.

తిరిగొచ్చి చెప్పులు విప్పుతుండగానే నాకు తెలిసిపోయింది. ఇంట్లో ఆ చప్పుడు లేదు. గదిలోకి పరుగెత్తాను. టేబుల్ మీద తెర ఉంది. దాని మీద నా కాగితం ఉంది. తెర మూలన చిన్న దీపం నారింజ రంగులో వెలుగుతోంది. టేబుల్ కింద పెట్టె లేదు. అది ఉండాల్సిన చోట నలుచదరంగా దుమ్ము, నాలుగు వైర్లు.

పెట్టె దేవుడి గదిలో ఉంది. స్కూటర్ తాళాలు, కత్తిపీట, మిక్సీ, పాప పెన్నులు, వాటి పక్కన పీట మీద అది. విభూతి పట్టెలు, బొట్టు, దండ. ముందు అరటాకులో బొరుగులు.

"ఎవరు తీసినారు దాన్ని?"

మా ఆయన అగరొత్తులు గుచ్చుతూ, "నేనే" అన్నాడు. ముఖంలో ఎంత సంతోషమో! "ఈపొద్దు ఏ ఆయుధమూ పని చెయ్యగూడదు గదా. అన్నిట్నీ పెట్టి అదొక్కదాన్ని ఎందుకు వదిలెయ్యాల? నీ థీసిస్ బాగా రావాలనే పెట్టినా."

"ఆపొద్దని చెప్పినా గదా. కాయితం గూడా అంటించినా గదా!"

"నేనేడ ఆపినా? కాయితం ఉండేదాన్ని ముట్టుకోనే లేదు. నువ్వు అంత పెద్దగా రాసింటే ఎట్ల ముట్టుకుంటా? దాన్ని ఆడనే వదిలేసి కింద పెట్టె ఒక్కటి తెచ్చినా. పోయి సూడు, లైటు వెలగతానే ఉండాది."

నిజం చెబుతున్నాడు. ఒక్క అబద్ధం లేదు. నేను అంటించిన కాగితాన్ని ఆ మనిషి అక్షరాలా పాటించాడు. తెరే కంప్యూటర్ అని అతను అనుకున్నాడు. రెండేళ్ళు దాని ముందు కూర్చున్న నేను, ఏడేళ్ళ నా బతుకు ఆ కింది పెట్టెలో ఉందని తెలిసిన నేను, పైన కళ్ళకు కనబడేదాని మీద కాగితం అంటించాను. రెండు మూరలు కింద అంటించి ఉంటే సరిపోయేది.

దండ విసిరికొట్టి పెట్టెను ఎత్తుకున్నాను. "పూజలో పెట్టినదాన్ని మధ్యలో ఎత్తకూడదే, హారతి ఇచ్చేదాకా ఆగు!" అని ఆయన నా వెనకే వచ్చాడు. నిజంగానే భయపడ్డాడు, కాకపోతే దేవుడికి. వైర్లు గుచ్చి స్విచ్చి వేశాను. టక్. టక్. టక్. తర్వాత అదీ లేదు. జానీ కొట్టినట్టే స్క్రూడ్రైవర్‌తో కొట్టాను. మళ్ళీ కొట్టాను. పాప తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. బయట మా ఆయన గుమ్మడికాయ పగలగొట్టిన చప్పుడు వినబడింది. ముహూర్తం దాటిపోతోందట.

ఐదు గంటలకు జానీ వచ్చాడు, చేతిలో కొత్త వైరు చుట్ట. పెట్టె మీది బొట్టు చూశాడు. విప్పబోతూ ఆగి, "ఇది తుడవచ్చా సార్?" అన్నాడు.

"రేపు పొద్దున దాకా తుడవగూడదు. విజయదశమి పోనీ" అన్నాడు మా ఆయన.

జానీ ఆ కుంకుమకు చెయ్యి తగలకుండా, పక్క రేకు మాత్రం విప్పి డిస్కు బయటికి తీశాడు. చేతిలో పట్టుకుని మణికట్టుతో గిర్రున తిప్పి చూశాడు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, మా ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన నాలుగు గంటలు పెట్టించాడు. అట్లా చల్లబరిస్తే కొన్ని ఒక్కసారి లేస్తాయట. ఇది లేవలేదు. మర్నాడు అదే రకం పాత డిస్కు వెతికి, దాని అడుగు పలక విప్పి దీనికి బిగించాడు. కాలేదు. చివరికి తనే మళ్ళీ మద్రాసు తీసుకెళ్ళి, డిస్కులు విప్పిచూసేవాళ్ళకు చూపించుకొచ్చాడు.

"లోపలి ముల్లు పలక మీద పడి గీసకపోయిందంట అక్కా" అన్నాడు తిరిగొచ్చి. "ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరంట." అతను నా ముఖం వైపు చూడలేదు.

"పోతే పోనీలేవే" అన్నాడు మా ఆయన. "మళ్ళా కొట్టుకో. నువ్వు రాసిందే గదా, బుర్రలో ఉండదా? కూర్చుంటే అదే వస్తాది."

"మీ నాయన పేరు మరిచిపోతే ఇంకొకరి పేరు రాసుకుంటారా?" అన్నాను.

నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఐదో రోజు కొత్త డిస్కు కొనుక్కొచ్చాడు. "పాతదానికి నాలుగింతలు పెద్దదంట. ఇంక నీ పుస్తకాలు ఎన్నైనా పడతాయి" అన్నాడు. చేసింది తప్పని ఆ మనిషి నోటితో ఒప్పుకోవడం అంటే అదే. నాకు తెలుసు. తెలిసినా నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగలేదు.

తిరుపతి వెళ్ళి పరంధామయ్య గారికి చెప్పాను. ఆయన మార్చిలో రిటైరవుతున్నారు, నేనే ఆఖరు విద్యార్థిని. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మాటలు ఎన్ని గుర్తున్నాయమ్మా?"

"ఆరేడు వందలు రాయగలను సార్. కానీ ఏది ఎవరు చెప్పారో గుర్తు లేదు. అది లేకపోతే ఇందులో ఏముంది?"

"మాటలూ, చెప్పినవాళ్ళ పేర్లూ ఉండే అనుబంధం లేకుండా తీసుకోరు. ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా అక్కడ" అని గొంతు తగ్గించారు. "పరీక్షకుడు మైసూరులో ఉంటాడు. బంగారుపాళ్యం వచ్చి ఇంటింటికీ తిరిగి అడుగుతాడా? ఆలోచించుకో. ఇంక పద్దెనిమిది రోజులే ఉంది."

చేయను అనుకుంటూనే బస్సెక్కాను. బస్సు కాణిపాకం దాటేదాకా ఆ మాట మీదే ఉన్నాను. ఇంటికొచ్చి కొత్త డిస్కు ముందు కూర్చున్నాను.

మిగతా అధ్యాయాలు మళ్ళీ కొట్టాను. పట్టికలో గుర్తున్న మాటలు రాశాను. చాలనివి పాలు పోసే ఆమె దగ్గర, పాచిపని చేసే ఆమె దగ్గర, కాలేజీ పిల్లల దగ్గర ఏరుకొచ్చి రాశాను. పేర్లు మాత్రం నేనే పుట్టించాను. ఓటర్ల జాబితాలోంచి ఒక పేరు, ఇంకో ఊరు, నోటికొచ్చిన వయసు. ఆదిమూలం, 68. సుబ్బన్న, 71. మొదటి పేరు పెట్టడానికి గంట పట్టింది. ముప్ఫయ్యో పేరుకు వచ్చేసరికి చెయ్యి ఆగడం మానేసింది. భారతమ్మ, 76, మిట్టిండ్లు అనే ఊరు. ఈమె మీద నాకు ప్రేమ కూడా పుట్టింది. రెండు వందల మాటలు ఆమెకే ఇచ్చాను. ఆమె ఆకూవక్కా దంచుకుంటూ ఎలా మాట్లాడేదో ఉపోద్ఘాతంలో ఒక పేజీ రాశాను. పరంధామయ్య గారు చదివి, ఆ పేజీ చాలా సజీవంగా ఉందమ్మా అన్నారు.

సిద్ధమ్మ పేరు మాత్రం పెట్టలేదు. ఏ మాట ఆమెదో, ఏది పాలామెదో నాకే తెలియనప్పుడు, అన్ని అబద్ధాల మధ్య ఆమె పేరు టైపు చేయడానికి చెయ్యి రాలేదు. ఉన్న ఒక్క నిజం పేరునూ అలా బయటే ఉంచేశాను.

జానీ చేత మూడు సీడీలు తీయించాను. ఒకటి బీరువాలో, ఒకటి కాలేజీలో, ఒకటి మా అమ్మ ఇంట్లో పెట్టాను. అబద్ధాలను మాత్రం చాలా జాగ్రత్తగా దాచుకున్నాను.

నవంబరు పద్నాలుగున థీసిస్ ఇచ్చాను. పట్టా వచ్చింది. డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మా ఆయన గేటుకు ఇత్తడి పలక చేయించాడు, నా పేరు ముందు డాక్టర్ అని. ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెప్పే మాట ఒకటే. "ఆ ఏడు ఆయుధపూజలో కంప్యూటర్ని పెట్టినానబ్బా. నెల తిరక్కముందే థీసిస్ అయిపోయినాది." నేను కాఫీలు తెచ్చి ఇచ్చేదాన్ని.

2009లో ఒక పొద్దున పల్లవి అనే అమ్మాయి వచ్చింది. కాణిపాకం దగ్గర పల్లె. నా విషయం మీదే పరిశోధన మొదలుపెట్టిందట. నా థీసిస్ జిరాక్స్ తీయించి, పేజీల మధ్య రంగు కాగితాలు పెట్టుకుని తెచ్చింది. అంత శ్రద్ధగా నా పేజీలు తిప్పిన మనిషి అంతవరకు ఇంకెవరూ లేరు.

"మేడం, మీ భారతమ్మ కోసరం మిట్టిండ్లకు మూడు తూర్లు పోయినాను. ఆ పేరుగల మనిషి ఈ ఊళ్ళో ఎప్పుడూ లేదంటుండారు. ఏ ఇల్లో చెప్తారా?"

ఆ పిల్ల చెప్పులకు తోటల ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. బస్సు దిగి ఎండలో ఎంత దూరం నడిచిందో నాకు తెలుసు. ఆ దారి నాకు తెలుసు. నిజం చెప్పేయడానికి నోరు తెరిచాను. పక్కగదిలో మా ఆయన పేపరు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఆమె పోయింది పల్లవీ. చాలా ఏళ్ళయింది" అన్నాను.

"అయ్యో. పిల్లలెవురన్నా ఉండారా మేడం?"

"లేరు. ఒంటరి మనిషి."

పల్లవి నొచ్చుకుంది. నోటుపుస్తకం తెరిచి, భారతమ్మ పేరు ముందు చిన్న అక్షరాలతో కీ.శే. అని చేర్చింది. పుట్టని మనిషిని చంపి, ఆమెకు నేను అంత గౌరవం సంపాదించిపెట్టాను.

"ఇంకొక్కటి మేడం" అంది, పేజీ తిప్పి. "ఏ తోటలోకి పోయినా సిద్ధమ్మ అని ఒక అవ్వ పేరు చెప్తా ఉండారు. మాటలన్నీ ఆమెనే అడగాల్సింది అంటుండారు. మీ అనుబంధంలో యాడా ఆ పేరు లేదు గదా, అందుకని నాకు నమ్మకం కుదరలేదు. మీరు ఆమెను ఎప్పుడైనా కలిసినారా?"

ఆ పేజీలో ఆ పేరు తప్పు లేకుండా రాసి ఉంది.

"లేదు" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా మేడం" అని, పల్లవి పెన్ను తీసి ఆ పేరు కొట్టేసింది.